మా అన్నయ్య ఉప్పు చెరువు

మా అన్నయ్య ఇంట్లో ఉప్పుకి లోటుండేది కాదు. మెట్ల కింద మూత బిగించిన పెద్ద బకెట్టు నిండా ఉండేది. కూరల్లోకి కాదు, సముద్రపు నీళ్ళు తయారుచేసుకోవడానికి. హాల్లో గోడ పొడుగునా పెట్టిన గాజు తొట్టెలో అన్నయ్య పగడాలు పెంచేవాడు. వాటికి బోరు నీళ్ళు పనికిరావు, కాలవ నీళ్ళు పనికిరావు. నీళ్ళు ఫిల్టరులో వడగట్టి, వాటిలో ఏమీ లేకుండా చేసి, మళ్ళీ ఆ ఉప్పు కలిపి, మోటారుతో గిరగిరా తిప్పి పొయ్యాలి. అదే హాల్లో, ఆ తొట్టెకి ఎదురుగా మంచం మీద కూర్చుని మా అమ్మ చప్పిడి కూరతో అన్నం తినేది. అమ్మకి కిడ్నీలు పాడయ్యాయి. ఉప్పు మానెయ్యాలి. నీళ్ళు రోజంతటికీ ఒక చిన్న చెంబుకి మించకూడదు.

"ఒరేయ్, నీ చేపలకి పోసే ఉప్పులో ఒక్క చిటికెడు నా కూరలో వెయ్యరా. వాటికేం తరిగిపోదు," అనేది అమ్మ. అన్నయ్య నవ్వేవాడు. వేసేవాడు కాదు.

అమ్మ పోయి ఏడాది దాటింది. ఆ తొట్టె ఇప్పటికీ ఉంది, చాలా బాగుంది కూడా. బాగుందన్న మాట అనడానికి నాకు నోరు రాదు.

అన్నయ్యది తాడేపల్లిగూడెం. చెరువు నీళ్ళు పరీక్ష చేసే చిన్న ల్యాబు పెట్టుకున్నాడు. గణపవరం వైపు నుంచి, ఉంగుటూరు వైపు నుంచి రైతులు మోటారు సైకిళ్ళ మీద సీసాల్లో నీళ్ళు పట్టుకొస్తారు. వాటిలో మందులు చుక్కలు చుక్కలుగా వేసి, రంగు చూసి, ఏం ఎక్కువైందో చెబుతాడు. నేను ఏలూరులో ఉంటాను. అమ్మకి డయాలసిస్ ఏలూరు ఆసుపత్రిలో. వదిన అమ్మని పొద్దున రైలెక్కించి తీసుకొచ్చేది, నేను స్టేషనుకెళ్ళి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళేదాన్ని. మిషను పక్కన కూర్చోవడం నా వంతు. సాయంత్రం మళ్ళీ రైలు.

మిషను తిరుగుతుంటే అమ్మ ఊరుకునేది కాదు. పక్క మంచం ఆవిడతో, "మావాడు ఆదివారం ఆదివారం చేపలకి నీళ్ళు మారుస్తాడండీ. వీళ్ళు నాకు మారుస్తారు. నా వంతే నయం, నన్ను కూర్చోబెట్టి ఏసీ కూడా వేస్తారు," అనేది. ఆవిడ నవ్వేది. నర్సు కూడా నవ్వేది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చునేదాన్ని.

అమ్మ ఆ గాజు తొట్టెని అక్వేరియం అని ఎప్పుడూ అనలేదు. ఉప్పు చెరువు అనేది. చెరువు తప్ప ఇంకేదీ ఎరగని మనిషి. మాది కొల్లేటి గట్టున ఊరు. నాన్నకి చేపల చెరువు ఉండేది. మా చిన్నప్పుడు చేపలకి మేత వెయ్యడమంటే చల్లడం కాదు. సంచికి అడుగున కన్నాలు పొడిచి, తవుడూ, నూనె తీసిన చెక్కా కలిపి నింపి, చెరువులో పాతిన వెదురు గడలకి కట్టి నీళ్ళలో వేలాడదీసేవాళ్ళు. చేపలు వచ్చి కన్నాల దగ్గర పొడుచుకుని తినేవి. మర్నాడు నాన్న పడవ మీద వెళ్ళి ఒక్కో సంచీ పైకెత్తేవాడు. తేలిగ్గా లేస్తే చేప బాగున్నట్టు. బరువుగా లేస్తే చేపకి ఏదో అయినట్టు. ఇంతకన్నా పరీక్ష ఏమీ ఉండేది కాదు మాకు. ఒంటి చేత్తో సంచి ఎత్తి, నాన్న గట్టు మీదున్న అమ్మకి వినబడేలా "ఖాళీ" అని కేకేసేవాడు. అమ్మ మొహం విప్పారేది. వెంటనే తర్వాతి సంచిలోకి తవుడు ఇంకాస్త ఎక్కువ ఎత్తేది.

ఆ మాట ఇంట్లోకి కూడా వచ్చేసింది. అన్నం తిన్నాక నేనూ అన్నయ్యా పళ్ళెం ఒంటి చేత్తో పైకెత్తి "ఖాళీ" అనేవాళ్ళం. అనగానే అమ్మ వంటింట్లోంచి గరిటెతో వచ్చేది. ఇంక వద్దనుకుంటే ఆ మాట అనకూడదు, గమ్మున లేచి చెయ్యి కడుక్కోవాలి. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారింట్లో అలవాటుగా పళ్ళెం ఎత్తి ఖాళీ అంటే అందరూ నన్ను వింతగా చూశారు. వదిన మాత్రం మా ఇంట్లో అడుగుపెట్టిన కొద్ది రోజుల్లోనే నేర్చేసుకుంది. ఎవరు ఖాళీ అన్నా గరిటె పట్టుకుని వచ్చేస్తుంది.

నాన్న పోయాక చెరువు అన్నయ్య చేతికొచ్చింది. కుర్రతనం, తొందర. చేప త్వరగా తూకానికి రావాలని గడకి ఒకటి కట్టేచోట రెండేసి సంచులు కట్టించాడు, పైగా ఎరువు వేయించాడు. నీళ్ళు చిక్కటి ఆకుపచ్చగా తిరిగాయి. మా వైపు పచ్చటి నీళ్ళు చూస్తే రైతుకి ధైర్యం. అన్నయ్య గట్టు మీద నడుస్తూ పొంగిపోయేవాడు. అంతలో ముసురు పట్టింది. ఎండ మొహం చూడకుండా కొన్నాళ్ళు గడిచాయి. ఒక తెల్లవారుజామున చెరువు చెరువంతా చేపలు నోళ్ళు తెరుచుకుని పైకొచ్చేశాయి. నీళ్ళలో గాలి చాలక. మధ్యాహ్నానికి గట్టు చుట్టూ తెల్లటి పొట్టలే. అమ్మ చీర పైకి దోపుకుని నీళ్ళలోకి దిగి, ఊపిరున్న వాటిని తట్టలోకి ఎత్తి పక్క బోదె కాలవలో వదిలింది. అన్నయ్య గట్టు మీద కూలబడిపోయాడు. అమ్మ ఆ రోజుగానీ ఆ తర్వాతగానీ వాణ్ణి ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదేమో. తిట్టు తిన్నవాడు కొన్నాళ్ళకి మర్చిపోతాడు. వీడు మర్చిపోలేదు.

చెరువు వదిలేసి, ల్యాబులో పని నేర్చుకుని, తర్వాత సొంతంగా పెట్టుకున్నాడు. రైతులు ఏ సీసా తెచ్చినా అన్నయ్య చెప్పే మాట ఒకటే: మేత తగ్గించండి. నీళ్ళలో బలం ఎక్కువైపోతోంది. చాలాసార్లు అది నిజమే. అందుకే వాడి మాటకి విలువుంది. అయితే రోజూ అదే మాట చెప్పీ చెప్పీ, వాడికి లోకంలో ఉన్న జబ్బులన్నిటికీ కారణం ఎక్కువవడమే అని స్థిరపడిపోయింది.

పగడాల మోజు ల్యాబు నుంచే వచ్చింది. పగడమంటే నేను ఉంగరంలో రాయనే అనుకునేదాన్ని. అది ప్రాణమని, రాయి మీద కొమ్మలా పెరుగుతుందని, దాని ఒంట్లో కంటికి కనబడనంత చిన్న నాచు కాపురం ఉంటుందని, ఆ నాచే దానికి రంగూ తిండీ ఇస్తుందని అన్నయ్యే చెప్పాడు. చెన్నైలో ఒక దుకాణం వాళ్ళు తొట్టెల్లో పెంచిన ముక్కల్ని పంపించేవాళ్ళు. ఊదా రంగుది ఒకటి, గడ్డి రంగుది ఒకటి, చిట్టి చేతులు ఊపుతున్నట్టుండేది ఇంకొకటి. మధ్యలో నాలుగు చిన్న చేపలు. నీళ్ళలో నైట్రేటూ, ఫాస్ఫేటూ పెరిగితే రాళ్ళకి పాకుడు పట్టి పగడాలు చచ్చిపోతాయట. రెండూ చేపల మేతలోంచే వస్తాయి. అన్నయ్యకి ఇంతకన్నా బాగా అర్థమయ్యే సంగతి ఇంకేముంటుంది?

ఫాస్ఫేట్‌ని పీల్చేసే ఎర్ర గుళికలు ఒక గొట్టంలో పోశాడు. మలినాన్ని నురగగా లాగేసే యంత్రం పెట్టాడు. చేపలకి మేత వేళ్ళ చివర అంటుకున్నంత వేసేవాడు. వారం వారం గాజు గొట్టంలో నీళ్ళు పట్టి మందు వేసి, తెల్ల అట్ట ముందు పట్టుకుని చూసేవాడు. ఫాస్ఫేట్ ఉంటే నీలం తిరుగుతుంది. తిరగలేదంటే లేనట్టు. మొదట్లో లేత నీలం వచ్చేది. పోనుపోను నీలం రావడం మానేసింది. ఆ గొట్టం అమ్మకి కూడా చూపించి మురిసిపోయేవాడు.

అప్పుడే అమ్మ రక్తం రిపోర్టులో కూడా ఫాస్ఫరస్ అని ఒకటుందని వాడి కంటబడింది. నాకు ఫోన్ చేసి, "అక్కడా ఇదే, ఇక్కడా ఇదే అమ్మాయ్. రెండూ ఒకటే లెక్క," అన్నాడు. ఏదో దారి దొరికినవాడి గొంతులా ఉంది. అప్పటి నుంచి అమ్మ పళ్ళెం కూడా వాడి చేతికెళ్ళింది. పప్పు వద్దు, పెరుగు వద్దు, గుడ్డు వద్దు, చేప అసలొద్దు. కూరముక్కలు ఉడకబెట్టి ఆ నీళ్ళు వార్చేసి వండాలి. డయాలసిస్ మొదలుపెట్టక ముందు డాక్టర్లు చెప్పిన పథ్యం అది. మొదలుపెట్టాక, ఇంక కాస్త బాగా తినిపించండి, మాంసకృత్తులు కావాలి అన్నారట. వదిన విన్నది, వచ్చి చెప్పింది కూడా. పేషెంటు సంతోషం కోసం అలాగే అంటారులే అన్నాడు అన్నయ్య. వాడి ల్యాబుకొచ్చే ఏ రైతుకీ మేత పెంచమని చెప్పిన పాపాన పోలేదు మరి.

కొల్లేటి మనిషికి చేప వద్దనడం ఎలాంటిదో వాడికి తెలియదా? తెలుసు. తెలిసే చేశాడు. వాడూ మానేశాడు, ఇంట్లో చేప వండటమే మాన్పించాడు. అందుకే వాడి మీద కోపం తెచ్చుకుందామన్నా పూర్తిగా రాదు. వచ్చింది సగంలో ఆగిపోతుంది.

కొన్నాళ్ళు అంతా బాగానే ఉన్నట్టుండేది. తొట్టెలో రంగులు లేతబడ్డాయి. ఊదా రంగు పగడం పలచని గులాబీకి తిరిగింది, గడ్డి రంగుది నిమ్మపండు రంగుకొచ్చింది. ఇంటికొచ్చినవాళ్ళందరూ ఫోటోలు తీసుకునేవాళ్ళు, ఎంత సుకుమారంగా ఉన్నాయో అని. అమ్మ కూడా సన్నబడి తెల్లబడింది. ద్వారకా తిరుమల వెళ్ళొస్తూ దారిలో ఆగిన చుట్టాలు, "అత్తయ్యగారికి వయసు తగ్గిందండీ," అన్నారు. రిపోర్టులో ఫాస్ఫరస్ నెలనెలా తగ్గింది. అన్నయ్య రెండు అంకెలూ చెప్పుకుని మురిశాడు.

తర్వాత తొట్టెలో ఇసక మీద గోధుమ రంగు జిగురు మొదలైంది. చీమిడిలా తీగలు తీగలుగా, మధ్యలో గాలి బుడగలతో. పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్ళీ. చెరువు మనిషి ఎవడికైనా అది చూడగానే ఒకటే తోస్తుంది, ఎక్కువైపోయిందని. అన్నయ్య మేత ఇంకా తగ్గించాడు, గుళికలు మార్చాడు. జిగురు ఇంకా పెరిగింది. అదే రోజుల్లో అమ్మ కాళ్ళు వాచాయి. పాదం మీద వేలు పెట్టి నొక్కితే గుంట పడి, అలాగే ఉండిపోయేది. నీళ్ళు ఎక్కువయ్యాయి, దొంగతనంగా ఉప్పు తింటోంది అని అన్నయ్య అమ్మ చెంబు చిన్నది చేశాడు. అమ్మ దొంగతనంగా ఏమీ తినలేదు. వదిన ఆ మాట చెబుతూ నా దగ్గర ఏడ్చింది. మంచానికి ఎదురుగా ఆ తొట్టెలో పగలంతా నీళ్ళ చప్పుడు. నాలిక ఎండిపోయిన మనిషి ఆ చప్పుడు వింటూ పడుకునేది.

ఒకరోజు నేను వెళ్ళేసరికి అమ్మ ఆ తొట్టెనే చూస్తోంది. ఊదా రంగు పగడం అప్పటికి పూర్తిగా తెల్లబడిపోయింది. చేపల వీపులు సన్నగా, కత్తి అంచులా తేలాయి. "ఏరా, నీ చెరువులో సంచి కట్టడం మానేశావేంట్రా?" అంది అమ్మ.

"ఇది ఆ చెరువు కాదమ్మా," అన్నాడు వాడు.

చెన్నై దుకాణం ఆయన అప్పటికే ఫోటోలు చూసి చెప్పాడట, ఆ జిగురు తిండి ఎక్కువై రాలేదు, నీళ్ళలో ఏమీ మిగల్చకపోతే మిగతావన్నీ నీరసించి అదొక్కటే పెరుగుతుంది, ఆ గుళికలు తీసేసి చేపలకి కడుపునిండా మేత వెయ్యండి అని. అమ్ముకునేవాడు అలాగే చెబుతాడు, మేత కూడా వాడే అమ్ముతాడు అని అన్నయ్య కొట్టిపారేశాడు.

ఆసుపత్రిలో ఆ తర్వాతి వారం కొత్త డాక్టరమ్మగారు చూశారు. అమ్మ కాలు నొక్కారు. కింది రెప్ప లాగి చూశారు. రిపోర్టు తిరగేసి, మళ్ళీ మొదటికొచ్చి చూశారు. ఫాస్ఫరస్ ఇంత తక్కువ ఎందుకుందని అడిగారు. నేను గర్వంగానే చెప్పాను, మా అన్నయ్య చాలా జాగ్రత్తండీ, ఏదీ పెట్టడని.  ఆవిడ నాకు మాత్రమే వినబడేలా, "ఇది ఒళ్ళు బాగుండి తగ్గింది కాదమ్మా. ఈవిడ పస్తులున్నారు. ఈ వాపు కూడా అదే. తినిపించండి. గుడ్డు, చేప, అన్నీ. ఫాస్ఫరస్ పెరక్కుండా తిండితో పాటు వేసుకోవడానికి మాత్ర రాస్తాను," అన్నారు.

వరండాలోకి వెళ్ళి అన్నయ్యకి ఫోన్ చేశాను. తిట్టాలనే చేశాను. ఒళ్ళు మండిపోతోంది నాకు. డాక్టరమ్మగారన్న మాటలు అన్నట్టే చెప్పేసరికి తిట్టడానికి ఏమీ మిగల్లేదు.  అవతల ల్యాబులో ఎవరో రైతు, నా నీళ్ళు ఎలా ఉన్నాయండీ అని అడుగుతున్నాడు. రోజూ చెప్పే మాట అన్నయ్య ఆ రోజు చెప్పలేదు.

ఆ సాయంత్రం వాడు చేసిన పని వదిన తర్వాత చెప్పింది. ల్యాబు నుంచి వస్తూ గుడ్లు తెచ్చాడట. ఉడకబెట్టి, పొట్టు తీసి, అమ్మకి వాడే నోట్లో పెట్టాడట. తర్వాత తొట్టె దగ్గరికెళ్ళి ఎర్ర గుళికల గొట్టం పీకేసి పెరట్లో పారబోశాడట. చేపలకి గుప్పెడు మేత వేసి, అవి తినేదాకా అక్కడే నిలబడ్డాడట.

తొట్టె కోలుకుంది. ఆ మాట చెప్పకుండా దాటేద్దామనుకున్నాను, కానీ జరిగింది అదే. గాజు గొట్టంలో మళ్ళీ లేత నీలం కనబడింది. మెల్లమెల్లగా జిగురు పోయింది. చేపలకి వీపులు నిండాయి. చచ్చిపోయిందనుకున్న తెల్ల పగడానికి కొమ్మల మొదళ్ళలో ఊదా రంగు తిరిగింది. నేను వెళ్ళినప్పుడల్లా ఆ రంగు ఇంకాస్త పైకి పాకి ఉండేది. దాన్ని చూస్తే నాకు అసూయగా ఉండేది. రాయి లాంటి దానికి, మాటా పలుకూ లేనిదానికి, తిండి పెడితే ఒంటబట్టింది. మా అమ్మకి ఒంటబట్టలేదు. అన్ని నెలలు నోరు కట్టేసుకున్న మనిషికి ఆకలే పోయింది. రెండు ముద్దలకే చాలనేది. గుడ్డు వాసనంటే కడుపులో తిప్పేది. పళ్ళేలన్నీ పెట్టినవి పెట్టినట్టే తిరిగొచ్చేవి. అన్నయ్య ప్రతి పళ్ళెం వాడే తీసేవాడు. తీస్తూ, సంచి బరువు చూసినట్టు, చెయ్యి కాస్త ఆపేవాడు. ఎందుకు ఆపుతాడో నాకు తెలుసు, వదినకి తెలుసు, అమ్మకీ తెలుసు.

ఒక ఆదివారం కొరమేను తెచ్చాడు. కొల్లేటి కొరమేనే కావాలని పొద్దున్నే ఊరిదాకా వెళ్ళి, బతికున్నది తెచ్చాడు. నన్నూ రమ్మన్నాడు. వదిన చింతపండు తగ్గించి, ఉప్పు వేసీ వెయ్యనట్టు వేసి పులుసు పెట్టింది. ఆ ఇంట్లో ఎన్నాళ్ళకో పులుసు వాసన. అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. జుట్టు దువ్వమని నన్నడిగింది. దువ్వాను. చేతికొచ్చేంత జుట్టు లేదు దువ్వడానికి.

వదిన పళ్ళెంలో అన్నం పెట్టి, నడుం ముక్క వేసి, పులుసు పోసి ఇచ్చి వంటింట్లోకి వెళ్ళింది. అమ్మ ముక్క చిదిపి, ముల్లు తీసి, ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది. కళ్ళు మూసుకుని మింగింది. అన్నయ్య తొట్టెకి ఆనుకుని నిలబడి, ఆ గొంతు దిగడం చూస్తున్నాడు. అమ్మ రెండో ముద్ద కలిపింది. చేతిలో పట్టుకుని కూర్చుంది. కూర్చుని కూర్చుని, మళ్ళీ పళ్ళెంలోనే పెట్టేసింది.

తర్వాత వేళ్ళు పళ్ళెం అంచుకి రాసుకుని, పళ్ళెం రెండు చేతులతో వాడి వైపు జరిపింది.

"ఖాళీ రా," అంది.

అన్నయ్య వచ్చి పళ్ళెం అందుకున్నాడు. ఒంటి చేత్తో పైకెత్తాడు, నాన్న ఎత్తినట్టే.  అమ్మ వాడి మొహంలోకే చూస్తోంది. వాడు అమ్మని చూడకుండా, వంటింటి వైపు తిరిగి, గట్టు మీదకి వినబడాలన్నంత గట్టిగా, "ఖాళీ," అన్నాడు.

వదిన గరిటె పట్టుకుని పరుగున వచ్చింది. మొహమంతా నవ్వు. పళ్ళెం చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.  అమ్మే, "వెయ్యమ్మా," అంది.

వదిన వచ్చి, నిండుగా ఉన్న ఆ పళ్ళెంలోనే ఇంకో గరిటె వేసింది.